వైశాఖం ముహూర్తాలకు ముందు బరాత్ గుర్రానికి తీసుకోవాల్సిన జాగ్రత్తలు

బరాత్ రాత్రి ఎనిమిదింటికి కదా, పొద్దు గూకాక గుర్రానికి ఎండ బాధేముంది అనుకుంటారు చాలామంది. కూలబడేది రాత్రే. కానీ దానికి కారణం పగలే మొదలై ఉంటుంది. మిట్టమధ్యాహ్నం డీసీఎంలో ఎక్కించడం, ఫంక్షన్ హాల్ వెనక రేకుల కింద కట్టేయడం, దారిలో మూత్రం పోస్తుందని నీళ్లు తగ్గించడం, ఈ మూడూ ఒకే రోజు కలిస్తే చాలు. అందుకే జాగ్రత్త పెళ్లిపందిరి దగ్గర కాదు, పొద్దున్నే కొట్టంలో మొదలవ్వాలి.

ముందు నీళ్లు. 300 కిలోల గుర్రానికి వేసవిలో 30 నుంచి 40 లీటర్లు, పని ఉన్న రోజు అంతకంటే ఎక్కువ. బకెట్ ఎప్పుడూ అందుబాటులో ఉంచండి, ఎవరో గుర్తొచ్చినప్పుడు చూపించడం కాదు. ఎండలో గట్టిగా పనిచేసే గుర్రం గంటకు పది లీటర్ల చెమట కార్చగలదు. ఆ చెమట దాని రక్తం కంటే ఉప్పగా ఉంటుంది. మెడ మీద ఆరాక తెల్లగా పేరుకునేది అదే. నీళ్లతోపాటు ఉప్పూ పోవడంతో రక్తం చిక్కబడిన సంగతి మెదడుకు సరిగా తెలియదు. బాగా ఎండిపోయిన గుర్రం కూడా బకెట్ ముందు మూతి తిప్పేసుకునేది ఇందుకే. రోజూ దాణాలో 30 గ్రాముల మామూలు ఉప్పు, అంటే రెండు టేబుల్ స్పూన్లు కలపండి. చెమట బాగా పట్టిన రోజు దాన్ని రెట్టింపు చేయండి. ఉప్పు నీళ్లు పెడితే పక్కనే మంచినీళ్లూ ఉండాలి. వేడెక్కిన గుర్రానికి చల్లటి నీళ్లు తాగిస్తే కడుపునొప్పి వస్తుందన్న మాట నమ్మి దాన్ని దాహంతో ఉంచకండి.

ఎండు వరిగడ్డి ఒక్కటే మేపి, నీళ్లు తగ్గిస్తే పేగులో మేత గట్టిపడి కదలదు. గుర్రం వాంతి చేసుకోలేదు కాబట్టి లోపలిది లోపలే ఉబ్బుతుంది. కాళ్లతో నేల తవ్వడం, డొక్క వైపు తిరిగి చూసుకోవడం, పడుకుని దొర్లడం దీని గుర్తులు. బయల్దేరే ముందు లద్దె చూడండి. ఉండలు చిన్నవై, గట్టిగా, పైన జిగురు పూతతో ఉంటే ఆ రోజు బేరం వదులుకోవడమే నయం. ఉలవ గుగ్గిళ్లు మంచివే, అయితే ఒక్క పూటకు ఒకటిన్నర కిలో దాటకూడదు. పెళ్లివాళ్లు ప్రేమగా పెట్టే లడ్డూలు, పులిహోర అసలు వద్దు. కోళ్ల దాణా అంతకంటే ప్రమాదం. అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది.

నాడి చూడటం గుర్రాన్ని చూసుకునే ప్రతి సయీసుకూ రావాలి. దవడ ఎముక లోపలి అంచున రెండు వేళ్లు ఆనించి మెల్లగా జరుపుతుంటే వేళ్ల కింద సన్నటి గొట్టంలాంటిది జారుతుంది. దాన్ని ఎముకకు అదిమి 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణించండి. తీరిగ్గా ఉన్నప్పుడు 28 నుంచి 44 ఉండాలి. తర్వాత పెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి.

ఇక బరువు. ఛాతీ చుట్టుకొలతను అదే కొలతతో గుణించి, భుజం మొన నుంచి పిరుదు ఎముక దాకా ఉన్న పొడవుతో మళ్లీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. కొలతలన్నీ సెంటీమీటర్లలో ఉండాలి. చుట్టుకొలత 160, పొడవు 150 అయితే సుమారు 323 కిలోలు. అందులో ఐదో వంతు, అంటే 65 కిలోలు, జీనుతో కలిపి మోయించడానికి హద్దు. షేర్వానీ, తలపాగాతో 85 కిలోలు తూగే పెళ్లికొడుకును, ముందు కూర్చోబెట్టే తోటి పెళ్లికొడుకును లెక్కేసుకుని చూడండి. 1965 నాటి కేంద్ర నిబంధనల్లో పొట్టి గుర్రంపై వేసే బరువుకు పరిమితి 70 కిలోలే. ముళ్ల కళ్లేలనూ అవే నిషేధించాయి. ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా బండి లాగించడం, బరువు మోయించడం కూడా కుదరదు.

ఊరేగింపులో డీజే పెట్టెలకు, జనరేటర్ బండికి దూరంగా, వీలైతే వాటికి ముందు నడిపించండి. లైట్ల తీగ తెగి తడి రోడ్డు మీద పడితే ఇనుప లాడాల గుర్రానికి మనకంటే ముందు షాక్ కొడుతుంది. జరీ ముఖమల్ కప్పును ఎక్కే ముందు వేసి, దిగగానే తీసేయండి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది, దానికి గాలి తగలాలి. హైదరాబాద్ పొడి గాలిలో చెమట వెంటనే ఆరిపోతుంది కాబట్టి ఎంత పోయిందో కంటికి తెలియదు. విశాఖ, కాకినాడల్లో ఉక్కకు చెమట ఆరదు. అక్కడ 35 డిగ్రీలకే ఒళ్లు కాగిపోతుంది. ఎంత వేడైనా చెమట పట్టని గుర్రాన్ని ఆ ప్రాంతంలో ఊరేగింపుకు తీసుకెళ్లనే వద్దు.

ఆగి పదిహేను నిమిషాలైనా నాడి 60 కిందికి రాకపోయినా, తడబడినా, మలద్వారంలో పెట్టిన థర్మామీటర్ 40 డిగ్రీలు దాటినా పని ఆపేయండి. నీడలోకి తెచ్చి మెడ, వీపు, తొడలన్నిటి మీద చల్లటి నీళ్లు ఆపకుండా పోయండి. తడి గోనె కప్పవద్దు, కాసేపటికి అదే వేడి పట్టుకుంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ పశువైద్య సంచార వాహనానికి 1962కు ఫోన్ చేయొచ్చు. 41 దాటితే వాహనం వచ్చేదాకా నీళ్లు పోస్తూనే ఉండాలి.

అడ్డాలో పది గుర్రాలు తాగే తొట్టిలో మీ గుర్రాన్ని తాగనివ్వకండి, సొంత బకెట్ తీసుకెళ్లండి. గ్లాండర్స్ అనే అంటురోగం అలాంటి తొట్ల ద్వారా పాకుతుంది, మనుషులకూ అంటుతుంది. నిర్ధారణ అయిన గుర్రాన్ని చంపేయాల్సి వస్తుంది. ముక్కులోంచి చిక్కటి చీమిడి, కాళ్ల మీద వరస పుండ్లు కనిపిస్తే వెంటనే పశువైద్యాధికారికి చెప్పండి. ధనుర్వాతం టీకా ఏడాదికోసారి వేయించాలి, మేకు గుచ్చుకునే దాకా ఆగవద్దు.

కొట్టానికి తిరిగొచ్చాక ముందు నీళ్లు, తర్వాత పచ్చిగడ్డి. గంట దాటాకే దాణా. పొట్ట కింది పట్టీ ఒరుసుకున్న చోట చేత్తో తడమండి, గిట్టల్లో ఇరుక్కున్న గాజు పెంకులు తీయండి. రాత్రి రెండింటికి ఇల్లు చేరిన గుర్రానికి పొద్దున పదింటి ముహూర్తం ఒప్పుకోవద్దు, అడ్వాన్స్ వెనక్కి ఇవ్వాల్సి వచ్చినా సరే.