జూన్‌లో అబిజాన్ వెళ్తున్నారా? గోదావరి లెక్కలు అక్కడ పనికిరావు

కాకినాడ యాంకరేజ్ పోర్టులో బార్జిల మీంచి బియ్యం బస్తాలు ఎక్కించుకున్న ఓడ, ఆఫ్రికా కొస చుట్టి ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ చేరడానికి నెల పైమాటే. సరుకు దిగేటప్పుడు దగ్గరుండి చూసుకోవడానికి మాలాంటి వాళ్లను విమానంలో పంపుతుంటారు. మాది రామచంద్రపురం పక్కన. ఇదే పని మీద వెళ్లొస్తుంటానని తెలిసి మా వైపు కుర్రాళ్లు ఫోన్ చేస్తుంటారు: "అన్నయ్యా, జూన్‌లో పంపుతున్నారండీ, ఏం పట్టుకెళ్లమంటారు?" ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. సరదాగా చూసి రావడానికి వెళ్లేవాళ్లకూ చాలావరకు ఇదే పనికొస్తుంది.

ముందు క్యాలెండరు సంగతి. మనకు రోహిణి కార్తెలో రోళ్లు పగిలే వేళకే అక్కడ వానలు దంచుతుంటాయి. మే నుంచి జూలై సగం దాకా పెద్ద వానలు, అందులోనూ జూన్ మరీ ఎక్కువ. ఆగస్టు, సెప్టెంబరుల్లో మన లంకల్లో వరద భయం నడుస్తుంటే అక్కడ వాన తెరిపిస్తుంది. అప్పటికి వాన మేఘాల పట్టీ ఉత్తరాన ఎడారి అంచు వైపు జరిగిపోతుంది, తీరం వెంట సముద్రం లోతుల్లోంచి చల్లటి నీళ్లు పైకి వస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో మళ్లీ చిన్న వానలు. తేదీ మీ చేతుల్లో ఉంటే ఆగస్టు పెట్టుకోండి. మన చేతుల్లో ఎక్కడుంటుంది లెండి, ఓడ ఎప్పుడొస్తే అప్పుడే.

ఇక అసలు విషయం. వరద అంటే మాకు కొత్తా అనుకుంటాం మనం. భద్రాచలంలో 43 అడుగులు దాటిందని టీవీలో వస్తుంది. ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఈలోగా గేదెల్ని గట్టెక్కిస్తాం, బియ్యం అటక మీద పెడతాం, పడవ వాడితో మాట్లాడుకుంటాం. మన వరదకు కబురు ముందు వస్తుంది, నీళ్లు తర్వాత వస్తాయి. అబిజాన్‌లో ఆ వరస లేదు. ఆ ఊరు మన డెల్టాలా చదునుగా ఉండదు. మిట్టలు, మిట్టల మధ్య లోయలు, ఆ లోయల్లోంచి నీళ్లన్నీ కింద ఎబ్రియే లగూన్‌లోకి దిగాలి. గంటసేపు గట్టి వాన కురిస్తే మిట్ట మీద పడిందంతా పల్లంలోకి ఒక్కసారే వచ్చేస్తుంది. 2018 జూన్‌లో ఒక్క రాత్రి వానకు కొకోడీ ప్రాంతంలోని వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. అది పేదల పేటేం కాదు, డబ్బున్నవాళ్లు ఉండే చోటు. అటెకూబే, అబోబో వైపు వాలుల్లో కొండచరియలు విరిగి ఇళ్ల మీద పడతాయి.

అందుకని నీటి లోతు చూసి "మోకాలు లోతేగా" అని దిగకండి. మన పొలంలో నిలబడ్డ నీరు వేరు, వాలున పరిగెత్తే నీరు వేరు. పైగా రోడ్డు పక్క కాలువల మీద పలకలు లేనిచోట నీళ్ల కింద గొయ్యి ఎక్కడుందో కనిపించదు. వాన గట్టిగా మొదలైతే ఉన్నచోటే ఆగిపోండి. షాపు వాళ్లు ఏమీ అనరు, అందరూ అలాగే నిలబడతారు. ట్యాక్సీ డ్రైవరు నీళ్ల ముందు ఆపి మీ వైపు చూశాడంటే పోనివ్వమని మాత్రం అనకండి. అక్కడి వాతావరణ శాఖ పేరు సోడెక్సామ్. వాళ్ల హెచ్చరిక వచ్చిన రోజు బయటి పని వాయిదా వేసుకోండి. అగ్నిమాపక దళం నంబరు 180, ఫోన్లో సేవ్ చేసుకోండి.

బస ఎక్కడ అన్నది దీన్ని బట్టే తేల్చుకోవాలి. ఊరిని లగూన్ రెండుగా చీల్చింది. విమానాశ్రయం, పోర్టు దక్షిణం వైపు. ఆఫీసుల ప్లాటో, ఖరీదైన కొకోడీ ఉత్తరం వైపు. మధ్యలో వంతెనలు. వాన పడితే ఆ వంతెనల మీద ట్రాఫిక్ కదలదు. పోర్టు పనైతే మార్కోరీలోనో, దానిలోని జోన్ 4లోనో, ట్రెష్‌విల్‌లోనో దిగండి. ఎంత మంచి హోటలైనా సరే, వంతెన దాటి మాత్రం వద్దు. ఈ వైపూ నీళ్లు నిలుస్తాయి కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ గది తీసుకోవద్దు, జనరేటర్ ఉందో లేదో ముందే అడగండి. జోన్ 4 చుట్టుపక్కల లెబనీస్ సూపర్‌మార్కెట్లున్నాయి, పప్పులు, మసాలాలు దొరుకుతాయి.

మన పోర్టు పనివాళ్ల కోసం ఒక మాట. చినుకు పడగానే ఓడ మీద హ్యాచ్ కవర్లు, అంటే సరుకు గదుల మూతలు, మూసేస్తారు, కూలీల గ్యాంగులు ఖాళీగా కూర్చుంటాయి. తెరిపిచ్చాక తెరుస్తారు, అరగంటకు మళ్లీ చినుకు. జూన్‌లో ఒక ఓడ దిగడానికి ఎన్నాళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి తిరుగు టికెట్ తేదీ మార్చుకునే వీలున్నదే కొనిపించండి. హ్యాచ్ తెరిచిన వెంటనే కవరు లోపలి వైపు చేత్తో తడిమి చూడండి. పరుచుకుని బొట్లు బొట్లుగా ఉంటే అది ఓడకు పట్టిన చెమట. రబ్బరు ప్యాకింగ్ జాయింటు కింద, ఒక వరసలోనే బస్తాలు తడిసి ఉంటే లీకేజీ. లీకైంది సముద్రం నీరా, వాన నీరా అన్నది సర్వేయరు సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసి చూస్తాడు. ఉప్పునీరైతే పాలు కలిసినట్టు తెల్లగా అవుతుంది. ఆ పరీక్ష మీ ఎదురుగానే జరగాలి, ఫోటో తీసుకోవాలి. తర్వాత నష్టం ఎవరు కట్టాలన్న గొడవంతా దాని మీదే నడుస్తుంది. లారీ కదిలేముందు టార్పాలిన్ తాళ్లు కూడా చూడండి. ఓడలో తడవని బస్తా గేటు దాటేలోగా తడవడం ఎక్కువ.

బట్టలంటారా, ఆరవు. జీన్స్ అసలు వద్దు. పల్చటి ప్యాంట్లు, లుంగీలు, చేతులు పూర్తిగా కప్పే చొక్కాలు పట్టుకెళ్లండి. జూన్‌లో పగలు మనంత వేడి ఉండదు, ముప్పై డిగ్రీలకు అటూ ఇటూ, కానీ ఉక్క మాత్రం మనదే. తోలు బూట్లు బూజు పట్టేస్తాయి. అక్కడ లెకే అని ప్లాస్టిక్ శాండల్స్ అమ్ముతారు, చవక. కుర్రాళ్లు వాటితోనే ఫుట్‌బాల్ కూడా ఆడేస్తారు. దిగగానే ఒక జత కొనుక్కోండి. కాలికి దెబ్బ ఉంటే మురుగు నీటిలో అడుగు పెట్టొద్దు, ఎలుక జ్వరం సంగతి మన రైతులకు చెప్పక్కర్లేదు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు. రైస్ కుక్కర్ పట్టుకెళ్తే ఎడాప్టర్ మర్చిపోకండి. కొత్తావకాయ సీజనే కాబట్టి అమ్మ ఎలాగూ కట్టి ఇస్తుంది. మూడు కవర్లు చుట్టండి.

తిండికి ఇబ్బంది పడేది శాకాహారులే. చేప తినేవాళ్లకు పండగ. కర్రపెండలాన్ని తురిమి, పులియబెట్టి, ఆవిరి మీద ఉడికించి చేసే అట్టియేకే అక్కడి రోజువారీ తిండి. చూడ్డానికి బొంబాయి రవ్వ ఉప్మాలా పొడిపొడిగా, నోట్లో కొంచెం పుల్లగా ఉంటుంది. దాని తయారీని 2024లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. మన పెద్దాపురం, సామర్లకోట వైపు అదే దుంపతో సగ్గుబియ్యం చేసుకుంటూ కూర్చున్నాం, ఇలాంటిది ఎవరికీ తట్టలేదు! అట్టియేకే మీద వేయించిన ట్యూనా చేప పెడితే గర్బా. వేడిగా నూనెలోంచి తీసింది తినండి, తరిగి పెట్టిన పచ్చి ఉల్లి, టమాటా మాత్రం వానల్లో వద్దనండి. ఎర్రగా బిస్సాప్ అని అమ్మేది గోంగూర జాతి కాయల పైరేకుల రసం. రుచి బాగుంటుంది, కానీ ఐస్ ఏ నీళ్లతో చేశారో తెలియదు కాబట్టి సీసాలో మూత వేసినదే తాగండి.

డబ్బు యూరోల్లో పట్టుకెళ్లండి. అక్కడి సీఎఫ్‌ఏ ఫ్రాంకు యూరోకు 655.957 చొప్పున కట్టేసి ఉంది, కాబట్టి డాలర్లలా రేటు రోజుకోలా ఉండదు. పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకోండి. నారింజ రంగు మీటరు ట్యాక్సీ ఎక్కేముందే ధర మాట్లాడుకోండి, వానలో మీటరు మాట ఎవరూ ఎత్తరు. ఎవరిని ఏం అడగాలన్నా ముందు "బోంజూర్" అనండి. అది చెప్పకుండా దారి అడిగితే మొహం తిప్పేసుకుంటారు. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు అక్కడి టైముకు ఐదున్నర గంటలు కలుపుకోండి, లేకపోతే అర్ధరాత్రి లేపి అందరికీ టెన్షన్ పెట్టినవాళ్లవుతారు.

ఖాళీ దొరికితే ప్లాటోలో మ్యూజియం, సెయింట్ పాల్ కెథడ్రల్ చూడొచ్చు, రెండూ తడవకుండా చూసేవే. పాత ఫ్రెంచి రాజధాని గ్రాండ్ బస్సామ్ వెళ్తే వీధులు చూడండి, సముద్రంలో మాత్రం దిగకండి. అంతర్వేదిలో ఈదిన వాణ్నండీ అన్నా సరే. అక్కడ అల వెనక్కి లాగే లాగుడు మామూలుగా ఉండదు.

చివరికి అట్టేపెట్టాను గానీ ముందు చేయాల్సింది టీకా పని. ఎల్లో ఫీవర్ టీకా ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వాటిలో ఒకటి. టీకా వేశాక పసుపు రంగు కార్డు ఇస్తారు, వేయించుకున్న 10 రోజులకు గానీ అది చెల్లదు. తర్వాత జీవితాంతం చెల్లుతుంది. మలేరియాకు టీకా కాదు, మాత్రలు. ఏవి వాడాలో డాక్టరును అడిగి, తిరిగొచ్చాక కూడా చెప్పినన్నాళ్లు మింగాలి. దోమల్లో పుట్టి దోమల్లో పెరిగాం, మాకేం అవుతుంది అనుకోవద్దు. అక్కడిది ఎక్కువగా ఫాల్సిపారం రకం మలేరియా, రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. క్లోరోక్విన్ దాని మీద పనిచేయదు. ఇంటికొచ్చిన వారానికో, రెండు నెలలకో జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని పడుకోకండి. కాకినాడో రాజమండ్రో పెద్దాసుపత్రికి వెళ్లి, "నేను ఆఫ్రికా నుంచి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి" అని మీరే నోరు తెరిచి చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు.

ఆ పసుపు కార్డు తిరుగు ప్రయాణంలో చెకిన్ సూట్‌కేసులో పెట్టకండి. మన ఎయిర్‌పోర్టులో దిగగానే ఇమిగ్రేషన్ కంటే ముందే హెల్త్ కౌంటర్‌లో అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో కూర్చోబెడతారు.