జుట్టు రాలుతోందా? మాత్రలూ నూనెలూ కొనే ముందు కారణం పట్టుకోండి

మందుల దుకాణంలో నాకు తరచుగా ఎదురయ్యే దృశ్యం ఇది. పాతికేళ్ల అబ్బాయి వస్తాడు. పక్కన ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, "అన్నా, జుట్టుకు మంచి మాత్రలేమైనా ఉన్నాయా?" అని అడుగుతాడు. నేను అలమర వైపు కదలను. "టోపీ తీసి ఇలా వెలుతురులోకి రా తమ్ముడూ" అంటాను. జుట్టు రాలడం ఒకే జబ్బు కాదు. ఒక రకానికి పనికొచ్చేది మరో రకానికి దండగ, ఒక్కోసారి హాని కూడా. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం ఎవరికైనా సహజమే కాబట్టి, దిండు మీద వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. ఎక్కడ, ఎలా రాలుతోందో చూడండి.

సమస్య: కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది, నుదురు మాత్రం మారలేదు

కారణం కోసం రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లండి. డెంగీ వచ్చిందా? టైఫాయిడా? ఆపరేషన్ జరిగిందా? పూటలు మానేసి బరువు తగ్గారా? ఒంటికి గట్టి దెబ్బ తగిలినప్పుడు పెరుగుతున్న వెంట్రుకలు చాలావరకు ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి వెళ్తాయి. ఆ దశ దాదాపు మూడు నెలలు. అందుకే వానాకాలంలో జ్వరం వస్తే చలికాలంలో జుట్టు రాలుతుంది, ఈ రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు.

రాలిన వెంట్రుకను వేలి మీద పెట్టి చూడండి. ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె కనిపిస్తుంది. దాన్ని చూసి "కుదురే ఊడి వచ్చేసింది" అని ఏడ్చినంత పని చేసిన అబ్బాయిని నేను ఓదార్చాను. అది కుదురు కాదు, విశ్రాంతి ముగించుకున్న వెంట్రుక మొదలు మాత్రమే. కుదురు చర్మం లోపల భద్రంగా ఉంటుంది.

పరిష్కారం: కడుపునిండా తిండి, పప్పు, గుడ్డు, నిద్ర, ఓపిక. కారణం తొలగిపోతే సాధారణంగా ఆరు నెలల్లోపు రాలడం తగ్గుతుంది. ఆ ఆరు నెలల్లో మీరు ఏ నూనె రాసినా, ఏ మాత్ర మింగినా పేరు దానికే దక్కుతుంది. "నాకు పనిచేసింది" అని నిజాయితీగా చెప్పేవాళ్లలో చాలామంది ఈ రకం వాళ్లేనని నా నమ్మకం.

సమస్య: నుదురు రెండు పక్కలా వెనక్కి పోతోంది, నడినెత్తి పలచబడుతోంది

మగవాళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే, నా బెంగ కూడా దీని గురించే. ఇది వంశపారంపర్యం. తల్లి వైపు నుంచే కాదు, తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోను కొన్ని కుదుళ్లను క్రమంగా కుదించేస్తుంది. ప్రతి విడతలోనూ వెంట్రుక మునుపటికంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. నుదుటి అంచున లావు వెంట్రుకల మధ్య నూగులాంటివి కలిసి కనిపిస్తే కారణం ఇదేనని అనుమానించాలి. ఇది పోషకాహార లోపం కాదు కాబట్టి విటమిన్ మాత్రలతో ఆగదు.

గట్టి ఆధారాలున్న మందులు రెండు. తలకు రాసే మినాక్సిడిల్, నోటితో వేసుకునే ఫినాస్టెరైడ్. మొదటిదానితో తొలి వారాల్లో రాలడం పెరగవచ్చు, భయపడి మానేయకండి. రెండోది డాక్టర్ రాస్తేనే వాడాలి. కొందరిలో లైంగిక సమస్యలు, దిగులు కలగవచ్చు. ఏదైనా వాడినంత కాలమే ఫలితం.

మరి సహజమైనవి? పూర్తిగా కొట్టిపారేయను. సా పామెట్టో అనే తాటిజాతి మొక్క పండ్ల సారం మీద ఇటలీలో వంద మంది మగవాళ్లతో రెండేళ్లపాటు అధ్యయనం చేశారు. దాన్ని వాడినవారిలో 38 శాతం మందికి, ఫినాస్టెరైడ్ వాడినవారిలో 68 శాతం మందికి మెరుగుదల కనిపించింది. 2014లో కొరియాలో 76 మంది మీద జరిగిన అధ్యయనంలో గుమ్మడి గింజల నూనె మాత్రలు 24 వారాలకు వెంట్రుకల సంఖ్యను 40 శాతం పెంచాయి, ఉత్తుత్తి మాత్రలతో 10 శాతం పెరిగింది. అయితే ఆ మాత్రల్లో ఇతర పదార్థాలు కూడా ఉన్నాయి. రోజ్‌మేరీ నూనెను 2015లో ఇరాన్‌లో 2 శాతం మినాక్సిడిల్‌తో పోల్చారు. ఆరు నెలలకు రెండూ దాదాపు సమానమే, కానీ ఏమీ వాడని వర్గంతో పోల్చి చూడలేదు. గుంటగలగరాకు ఎలుకల మీద ఆశ చూపింది, మనుషుల మీద అంత బలమైన రుజువు లేదు. వీటిని ప్రయత్నించాలనుకుంటే ప్రయత్నించండి. వాటి కోసం రెండేళ్లు పోగొట్టుకోవద్దు. పూర్తిగా కుంచించుకుపోయిన కుదురును ఏ నూనే లేపలేదు.

సమస్య: రూపాయి బిళ్లంత గుండ్రంగా, నున్నగా ఊడింది

ఇది పేనుకొరుకుడు. పేలకూ దీనికీ సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద దాడి చేస్తుంది. ఉల్లిరసం పేరు మోగిపోవడానికి కారణమైన 2002 నాటి బాగ్దాద్ అధ్యయనం జరిగింది దీని మీదే, అదీ 38 మందితో. బట్టతల మీద కాదు. పైగా చిన్న మచ్చలు చాలాసార్లు వాటంతటవే పూడుకుంటాయి.

గురివింద గింజ అరగదీసి రాయమని పెద్దలు చెబుతారు. దయచేసి వద్దు. అందులోని అబ్రిన్ ప్రాణాంతక విషం. పిల్లలున్న ఇంట్లో ఆ గంధం సానరాయి మీద మిగిలిపోవడం తలచుకుంటేనే నాకు వణుకు పుడుతుంది. చర్మ వైద్యుడి దగ్గరకు వెళ్లండి.

సమస్య: దురద, పొట్టు, లేదా వెంట్రుక మధ్యలో తెగడం

చుండ్రుకు కారణమైన ఈస్ట్ అనే శిలీంధ్రానికి నూనె ఆహారం. చుండ్రు ఉన్నప్పుడు నూనె ఆపి, కీటోకొనజోల్ షాంపూ వాడి చూడండి. బోరు నీళ్లకు జుట్టు పెళుసుబారి తెగుతుంటే మాత్రం కొబ్బరినూనె మంచిదే. వెంట్రుకలోని ప్రొటీన్ పోకుండా కాపాడుతుంది, కొత్త వెంట్రుకలను మాత్రం మొలిపించదు. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నది భ్రమ. తెగిన కొస మొద్దుగా ఉండటం వల్ల అలా అనిపిస్తుంది. మొక్కు కోసం చేయించుకోండి, జుట్టు కోసం కాదు.

ఇక మాత్రల డబ్బా సంగతి

బయోటిన్ మనకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు. డబ్బా వెనక్కి తిప్పి చూడండి, చాలావాటి మీద 10 మిల్లీగ్రాములని ఉంటుంది. అంటే మూడు వందల రెట్లకు పైగా. లోపం లేనివాళ్లకు లాభం రుజువు కాలేదు, నష్టం మాత్రం ఉంది. రక్తపరీక్షల్లో థైరాయిడ్ లెక్కలు తారుమారవుతాయి. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ తక్కువగా కనిపించవచ్చు. 2017లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని గురించి హెచ్చరించింది. పరీక్షకు వెళ్లేటప్పుడు బయోటిన్ వాడుతున్నట్టు డాక్టర్‌కూ ల్యాబ్‌కూ తప్పక చెప్పండి.

సెలీనియం, విటమిన్ ఏ మితిమీరితే జుట్టే రాలుతుంది. 2008లో అమెరికాలో తయారీ లోపంతో సెలీనియం విపరీతంగా కలిసిన ఒక పోషక ద్రవం తాగి 201 మంది జబ్బు పడ్డారు, వారిలో చాలామందికి జుట్టు ఊడింది. జింక్ ఎక్కువ కాలం మోతాదు మించి వాడితే రాగి లోపం వస్తుంది. అందుకే ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి, బి12, థైరాయిడ్ పరీక్షలు, లోపం ఏదో తేలాక దానికే మాత్ర. మగవాడికి ఐరన్ తక్కువగా ఉంటే రక్తం ఎక్కడ పోతోందో కూడా చూడాలి.

ఏది మొదలుపెట్టినా ఆ రోజే నడినెత్తికీ నుదుటికీ ఒకే కిటికీ దగ్గర, పొడి జుట్టుతో ఫోటో తీసుకోండి. జుట్టు నెలకు ఒక సెంటీమీటరే పెరుగుతుంది కాబట్టి ఆరు నెలల తర్వాత అదే చోట, అదే వెలుతురులో మళ్లీ తీసి పోల్చండి. తేడా లేకపోతే ఆ సీసా మళ్లీ కొనకండి.