డబుల్ ఎక్స్‌పోజర్ ఎలా తీయాలి? మనిషి ఆకారంలో గండికోట రాళ్ళు

గండికోటకి వచ్చి మనిషి ఆకారం లోపల లోయ రాళ్ళు కనపడేట్టు ఫొటో తీయాలని చాలామంది ట్రై చేస్తున్నారు, మంచిదే, కానీ చివరికి వచ్చేది చూస్తే బూడిద కలిపిన నీళ్ళలా ఉంటాది. డబుల్ ఎక్స్‌పోజర్ అంటే రెండు ఫొటోలు ఒకదాని మీద ఒకటి ఎక్కించి ఒకే బొమ్మ చేయడం: మొదటి ఫ్రేమ్‌లో మనిషి ఆకారం, రెండోదాంట్లో రాళ్ళు. తప్పంతా మొదటి ఫ్రేమ్‌లోనే జరుగుతుంది.

మల్టిపుల్ ఎక్స్‌పోజర్ (కెమెరాలోనే ఫొటోలు కలిపే ఆప్షన్) ఉన్న కెమెరా, 50 ఎంఎం లెన్స్, అంతే. షాట్లు 2 పెట్టండి. కానన్‌లో 9 దాకా ఉంటాయి గానీ రెండు దాటితే కలగాపులగమే. కలిపే పద్ధతికి కానన్‌లో అడిటివ్, నికాన్‌లో యాడ్ (రెండు ఫొటోల వెలుగూ కూడేది) పెట్టండి. యావరేజ్ అస్సలు వద్దు, తెలుపుని తెలుపుగా ఉండనీదు.

ఇప్పుడు అసలు సంగతి. రెండు షాట్లు కాబట్టి ఒక్కోటి ఒక స్టాప్ (అంటే వెలుగు సగానికి) తగ్గించాలని అందరూ చెప్తారు. ఫిల్మ్ రోజుల నుంచీ ఉన్న లెక్కే అది, 100 ఐఎస్ఓ రీలు వేసి మీటర్ 200లో పెట్టేవాళ్ళు. మామూలు సీన్లకి కరెక్టే. సిల్హౌట్‌కి (తెల్లటి ఆకాశం ముందు నల్లగా కనపడే మనిషి ఆకారానికి) మాత్రం ఆ లెక్క పెట్టారో, పోయినట్టే. ఆకాశం కాస్త బూడిదగా మిగిలినా రెండో ఫ్రేమ్ రాళ్ళు అక్కడ కూడా ఎక్కేస్తాయి. రెండో బొమ్మ బాగా పడేది నల్లగా ఉన్నచోటే, పూర్తి తెలుపు మీద ఇంకేమీ ఎక్కదు.

అందుకే మాన్యువల్‌లో ఆకాశానికి స్పాట్ మీటర్ (ఒక్క చిన్న చోటు వెలుగునే కొలిచేది) పెట్టి, అక్కణ్ణుంచి రెండున్నర, మూడు స్టాపులు పెంచండి, స్క్రీన్‌లో ఆకాశమంతా హైలైట్ వార్నింగ్ (పూర్తిగా తెల్లబడిన చోటు చూపే గుర్తు) మినుకుమినుకుమనాల. అట్లా పెంచితే మొహం కూడా తేలిపోతుంది కదా అంటారా, తేలిపోతుంది, అందుకే మనిషిని నీడలోనే నిలబెట్టాల, కోట గోడ నీడలో, వెనక మాత్రం తెల్లటి ఆకాశం. ఒకసారి మా తమ్ముణ్ణి తెల్లచొక్కాతో లేత రంగు బండ మీద నిలబెట్టినా, చొక్కా నల్లబడనే లేదు, పైగా బండ మీద పడిన వెలుగు కిందినుంచి గడ్డానికి తగిలి అక్కడొక తెల్లటి గీత, రాళ్ళ బొమ్మ ఆ గీత దగ్గరికొచ్చి తెగిపోయింది. అప్పట్నుంచి నల్లదుప్పటి లేకుండా నేను పోను, కొంచెం కప్పుకోమంటా, కొంచెం కాళ్ళ దగ్గర పరుస్తా. మనిషిని పక్కకి తిప్పి "రేయ్, గడ్డం పైకెత్తురా" అంటే ముక్కు, పెదాలు తేటగా వస్తాయి. కమ్మలు తీయించండి, మెరుస్తాయి.

రెండో ఫ్రేమ్ సులువు. ఎండ పక్కనుంచి పడే టైములో లోయ గోడని దగ్గరగా, పొరలు పొరలుగా ఉన్న ఎర్రరాయిని ఫ్రేమ్ నిండా తీయండి, మామూలు ఎక్స్‌పోజర్ చాలు. పెన్నా నీళ్ళు, చెట్లు అన్నీ ఇరికించొద్దు. లైవ్ వ్యూలో (తీసేముందే స్క్రీన్ మీద కనపడే దాంట్లో) మొదటి బొమ్మ కనపడితే పగులు గీత దవడ వెంబడి వచ్చేట్టు కెమెరా జరుపుకోండి.

ఫొటోషాప్‌లో చేస్తే పోదా అంటే, చేయొచ్చు, కానీ అక్కడే నిలబడి గీత గీతకి జరుపుకుంటా కలిపే ఆ పని కంప్యూటర్ ముందు రాదు. కానన్‌లో ముందే తీసిన రా ఫైల్‌ని (కెమెరా మార్పులేమీ చేయకుండా దాచే ఫొటో ఫైల్) మొదటి ఫ్రేమ్‌గా పెట్టుకునే ఆప్షన్ ఉన్న మోడల్ అయితే పొద్దున్నే సిల్హౌట్ తీసిపెట్టుకుని, ఎండ గోడ మీదికి వచ్చినాక రాళ్ళు తీయండి.