ఒక్కరోజులో చూసి రావాలంటే ఏ గవికి పోవాలి?

నాది తాడిపత్రి. కారు బాడుగకు తోలుతాను. సెలవులు దగ్గర పడితే అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, బెంగళూరు నుంచి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరాల. గుహలు చూడాల. ఎంత తీసుకుంటావు?" అని అడుగుతారు. నేను మాత్రం ముందు ఎవరెవరు వస్తున్నారో చెప్పమంటాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉన్నారా? ఆయాసం ఉన్నవాళ్లు? చంకలో బిడ్డ? చీకట్లో, ఇరుకులో భయపడేవాళ్లు? వచ్చేవాళ్లలో అందరికంటే బలహీనంగా ఉన్న మనిషి ఎవరో తెలిస్తే, ఏ గవికి (మా వైపు గుహను గవి అంటాం) పోవాలో సగం తేలిపోయినట్టే. ఫోటోలు చూసి గవిని ఎంచుకున్నవాళ్లు, తీరా అక్కడికి పోయాక అవ్వను ఒక్కదాన్నే చెట్టుకింద కూర్చోబెట్టి లోపలికి పోవడం చాలాసార్లు చూశాను. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చిన ముసలామెకు దక్కింది ఆ చెట్టునీడ ఒక్కటే.

అందరూ అడిగేది బెలుం గుహ గనక దాని సంగతే ముందు చెప్తాను. తాడిపత్రి నుంచి 30 కిలోమీటర్లు, కొలిమిగుండ్ల పక్కన. ఒకప్పుడు కర్నూలు జిల్లా, 2022లో జిల్లాలు విడగొట్టాక నంద్యాల జిల్లా. గుహ అంటే కొండ ఎక్కాలని చాలామంది అనుకుంటారు. ఇక్కడ కొండే లేదు. చదునైన నేల మీద బావుల్లాంటి మూడు గుంతలు ఉంటాయి, నడిమి గుంతలోంచి మెట్లు దిగి లోపలికి పోవాలి. మొత్తం కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో మనల్ని పోనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1982, 83లలో గెబావర్ అనే జర్మనీ ఆయన తన బృందంతో వచ్చి లోపలంతా కొలిచాడు. టూరిజం వాళ్లు దారులు బాగుచేసి, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచారు.

లోపల గోడలను కాస్త నిదానంగా చూడండి. మన ఇళ్లలో పరుచుకునే నాపరాయి జాతి రాయే అది. వాననీళ్లు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా పులుపెక్కుతాయి. ఆ నీళ్లు రాతి పగుళ్లలోకి దిగి, సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ పోతాయి. వేల ఏళ్లు నేల కింద నీళ్లు పారిన దారులే ఇప్పుడు మనం నడిచే దారులు. గోడల మీద అలలు అలలుగా కనిపించేవి ఆ ప్రవాహం కోసిన గుర్తులు. పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు కొన్ని గదుల్లోనే ఉంటాయి. బెలుంలో నాకు ఎక్కువ నచ్చేవి ఆ పొడుగాటి దారులు, నీళ్లు నునుపు చేసిన గోడలు. ఊడలు నిండుగా ఉండే బొర్రా గుహల ఫోటోలు మనసులో పెట్టుకుని వచ్చేవాళ్లకు ఈ మాట ముందే చెప్తాను.

ఇక మనుషుల సంగతి. మొదటి మెట్లు దిగాక కొంతదూరం దారి వెడల్పుగానే ఉంటుంది. అయితే లోపల ఉక్క. బయటి నుంచి గొట్టాలతో గాలి పంపిస్తారు, అయినా కాసేపటికి చొక్కా తడిసిపోతుంది. కాబట్టి ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడిగి గాని రావద్దు. బీపీ ఉన్నవాళ్లు, ఇరుకంటే భయపడేవాళ్లు ఒక పని చెయ్యండి. మెట్లు దిగి మొదటి గదిలో ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. ఊపిరి మామూలుగా ఆడుతుంటే ముందుకు నడవండి. ఏమాత్రం తేడాగా ఉన్నా అక్కడి నుంచే వెనక్కి రండి, పైకి మెట్లు దగ్గరే. లోపలికి చాలా దూరం పోయాక భయం పుడితే, అంత దారీ జనం మధ్యలో తిరిగి రావాలి.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు నిదానంగా లోపల సింహద్వారం, కోటిలింగాలు అనే చోట్లు చూసి రావచ్చు. పాతాళగంగకు మాత్రం వద్దు. గుహలో అన్నిటికంటే లోతైన చోటు అదే, ప్రవేశం దగ్గరి నుంచి 46 మీటర్లు కింద. ఇరుకుగా, తడిగా ఉంటుంది, మెట్లు దిగి మళ్లీ ఎక్కాలి. అక్కడ ఒక సన్నటి నీటిధార ఎండాకాలంలోనూ పారుతూ నేలలోకి మాయమవుతుంది. బెలుం ఊళ్లోని బావికి ఆ నీళ్లు పోతాయని అక్కడివాళ్లు చెప్తారు. కాళ్లలో సత్తువ ఉంటే తప్పకుండా దిగి చూడండి.

సప్తస్వరాల గుహ అని ఒక గది ఉంది. అక్కడ రాతి ఊడలను తడితే గంట కొట్టినట్టు మోగుతాయి. గైడు తట్టి చూపిస్తే వినండి, మీరు మాత్రం కట్టెతో, రాయితో కొట్టకండి. ఆ ఊడ అంగుళం పెరగడానికి వందల, వేల ఏళ్లు పడుతుంది. చేతి జిడ్డు అంటుకున్న చోట అది సరిగా పెరగదు కూడా. పిల్లలకు ఈ మాట కారులోనే చెప్పండి, లోపలికి పోయాక ఆ హడావిడిలో వినరు. గోడల మీద పేర్లు గీకినవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. ఆ గీత మళ్లీ పూడదు.

బెలుంకు ఉదయం పది ప్రాంతంలో, తెరిచే వేళకే చేరండి. జనం పెరిగేకొద్దీ లోపల ఉక్క పెరుగుతుంది. ఆదివారం, దసరా, సంక్రాంతి సెలవులు కాకుండా మామూలు రోజు దొరికితే ఆ రోజే పోండి. నూలు బట్టలు, రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. పట్టుచీరలు, జారే చెప్పులు వద్దు. మనిషికి ఒక నీళ్లసీసా, ఫోన్‌లో నిండుగా చార్జింగ్ ఉండాలి. కరెంటు పోతే చేతిలో వెలుతురు ఉండాలి కదా. తాడిపత్రిలో ఉగ్గాని, బజ్జీ తినండి గానీ కడుపు కొంచెం ఖాళీగా ఉంచుకోండి. మరుగుదొడ్డి పని బయటే చూసుకుని దిగండి. లోపల తిరగడానికి రెండు గంటలు పెట్టుకోండి. చంటిబిడ్డ ఉంటే తల్లీతండ్రీ ఒకరి తర్వాత ఒకరు దిగడం మేలు. ఆ ఉక్కలో బిడ్డ ఏడుపు అందుకుంటే ఇద్దరికీ గుహ కనిపించదు.

పెద్దవాళ్లే ఎక్కువగా వస్తుంటే నేను యాగంటి అంటాను. బనగానపల్లె నుంచి కొద్దిదూరం. ఎర్రటి కొండల నడుమ ఉమామహేశ్వరుడి గుడి, ఎండల్లోనూ నీళ్లు ఆగని కోనేరు, పెరుగుతూ ఉంటాడని చెప్పే బసవన్న. గుడి చుట్టూ కొండలో సహజంగా ఏర్పడిన గుహలు మూడున్నాయి. వెంకటేశ్వరస్వామి గుహకు మెట్లు నిటారుగానే ఉన్నా ఎక్కగలరు. అగస్త్యుడి గుహకు 120 మెట్లు, అవి చాలా నిటారు. వయసులో ఉన్నవాళ్లు పోయి రావచ్చు. వీరబ్రహ్మంగారి గుహలో కప్పు బాగా కింద ఉంటుంది, నడుము వంచాలి. కాలజ్ఞానంలో కొంత ఆయన అక్కడే రాశాడంటారు. ఏ గుహకూ ఎక్కలేని అవ్వ కోనేటి గట్టున కాళ్లు కడుక్కుని, స్వామి దర్శనం చేసుకుని, బసవన్న పక్కన కూర్చున్నా ఆ రోజు ఆమెది కూడా అవుతుంది. అందుకే నాకు యాగంటి అంటే అంత ఇష్టం. మధ్యాహ్నం గుడి కాసేపు మూస్తారు కాబట్టి పొద్దున్నే చేరండి. శివరాత్రికి, కార్తీక సోమవారాలకు కిక్కిరిసిపోతుంది. ఎండాకాలం పోతే తిరిగి వచ్చేటప్పుడు బనగానపల్లెలో మామిడిపండ్లు కొనుక్కోండి. వాటి పేరే ఆ ఊరి పేరు.

చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు మూడో దారి ఒకటి ఉంది. బేతంచెర్ల దగ్గరి బిలస్వర్గం గుహలు. ఫూట్, ఆయన కొడుకు 1880లలో అక్కడ తవ్వి గంపలకొద్దీ పాత జంతువుల ఎముకలు తీశారు. అందులో ఖడ్గమృగం ఎముకలు కూడా ఉన్నాయి, దానికి శాస్త్రవేత్తలు కర్నూలు పేరే పెట్టారు. ఇప్పుడు అస్సాం, బెంగాల్ లాంటి చోట్లకు పోతే గాని కనిపించని జాతి జంతువు ఒకప్పుడు మన బండల నేల మీద తిరిగిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. యూనివర్సిటీ వాళ్లను కారులో తిప్పినప్పుడు వెనక సీట్లో వాళ్లు మాట్లాడుకుంటుంటే విని ఇవన్నీ నేర్చుకున్నాను. బనగానపల్లె వైపు జ్వాలాపురం అనే ఊరి దగ్గర, 74,000 ఏళ్ల కింద ఇండోనేషియాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చి పడిన బూడిద పొర ఉంది. దానికి కింద, పైన కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయి. అంత బూడిద పడ్డాక కూడా ఈ లోయలో మనుషులు బతికారని తవ్వినవాళ్లు అంటారు. అయితే బిలస్వర్గంలో బెలుం లాంటి ఏర్పాట్లు ఆశించకండి. బేతంచెర్లలో కనుక్కుని, దారి తెలిసిన ఊరిమనిషిని వెంటబెట్టుకుని, వెలుతురు ఉండగానే చూసి రండి. వానలో వద్దు. చంటిపిల్లలతో, ముసలివాళ్లతో అసలే వద్దు.

బొర్రా గుహల గురించి కూడా అడుగుతుంటారు. అవి అరకు దారిలో ఉన్నాయి, మన వైపు నుంచి ఒక్కరోజు పని కాదు. ఉండవల్లివి మనుషులు తొలిచిన గుహలు, వాటి అందం వేరు.

ఒక్కరోజులో బెలుం, యాగంటి, గండికోట, అహోబిలం నాలుగూ చూపించమంటే నేను ఒప్పుకోను. నాలుగు చోట్లా కారు దిగి ఎక్కడమే సరిపోతుంది. ఒక గవి, దాంతోపాటు దారిలో పడే ఇంకొక చోటు చాలు. అనంతపురం వాళ్లు పొద్దున బెలుం చూసుకుని, సాయంత్రం తాడిపత్రిలో పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో శిల్పాలు చూడొచ్చు. కడప వాళ్లు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా వచ్చి, తిరుగు దారిలో గండికోటలో పొద్దు గూకే వేళకు పెన్న లోయ చూడొచ్చు. బెలుం నుంచి గండికోట 60 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కర్నూలు వాళ్లకు నా లెక్క ప్రకారం ముందు యాగంటి, తర్వాత ఔకు మీదుగా బెలుం. కాళ్లు గట్టిగా ఉన్న కుర్రవాళ్లయితే బేతంచెర్ల వైపు నుంచి బిలస్వర్గం, యాగంటి చూసుకోవచ్చు. బండి లేనివాళ్లకు తాడిపత్రి రైల్వేస్టేషన్ బెలుంకు దగ్గర. అక్కడ దిగి ఆటో గాని కారు గాని మాట్లాడుకోండి, తిరిగి రావడానికి కూడా అదే బండిని ఉంచుకోండి.

గండికోటకు పోయేవాళ్లు ఇంకా ముందే, మిగిలినవాళ్లు సాయంత్రం నాలుగున్నరకల్లా బెలుం నుంచి కదలండి. కొలిమిగుండ్ల, తాడిపత్రి మధ్య బండల లారీలు, సిమెంటు లారీలు ఎక్కువ. చీకటి పడ్డాక వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన ఆగినవి కూడా ఉంటాయి. కొత్తవాళ్లు తోలుతుంటే యాభై దాటనివ్వకండి, లారీ వెనకాల దూరం ఉంచి, ఎదురు రోడ్డు బాగా కనిపించాకే దాటమనండి.