నగల వర్క్‌షాపులో చేరుతున్నారా? గొలుసును వేలికి చుట్టకండి

నగకు మెరుగు పెట్టే బఫ్ మోటారు గొలుసును లాక్కుంది, దాంతోపాటు వేలినీ లాక్కుంది. నగల తయారీ నేర్పే చోట కొత్త బ్యాచ్‌లు మొదలైన ప్రతిసారీ ఎక్కడో ఒకచోటి నుంచి ఈ మాట వినపడుతుంది. ఈసారీ వినపడింది. ఏప్రాన్ కట్టుకోమని, కళ్లద్దాలు పెట్టుకోమని, జుట్టు ముడేసుకోమని మొదటి రోజు మాస్టారు ఎలాగూ చెబుతారు, గోడ మీద బొమ్మలు కూడా అంటించి ఉంటాయి. అవి వదిలేద్దాం. చెప్పినా చెవికెక్కనివి చూద్దాం.

నేర్చుకునేవాళ్లు మంటకు భయపడతారు, యాసిడ్‌కు భయపడతారు. భయమున్న చోట చెయ్యి దానంతటదే జాగ్రత్తపడుతుంది. మెరుగు పెట్టే మోటారు దగ్గర ఎవరికీ భయముండదు. తిరిగేది బఫ్ అనే మెత్తటి గుడ్డ చక్రమే కదా, కోయడం అయింది, అతకడం అయింది, ఇక మెరుపు రావడమే తరువాయి అనుకుంటారు. వేళ్లు పోయేది అక్కడే.

గొలుసు, వేలు, బఫ్

ఒకసారి లెక్క చూడండి. 6 అంగుళాల బఫ్ చుట్టుకొలత సుమారు 48 సెంటీమీటర్లు. మోటారు నిమిషానికి 2,800 చుట్లు తిరిగేదైతే సెకనుకు 46, 47 చుట్లు. మీ చేతిలో ఉన్న గొలుసు 45 సెంటీమీటర్లు. ఒక్క లంకె గుడ్డ పోగుకు తగులుకుంటే మొత్తం గొలుసు చక్రానికి చుట్టుకోవడానికి ఒక్క చుట్టు చాలు. కన్ను చూసి, బుర్రకెక్కి, కాలు స్విచ్ మీద నుంచి లేవడానికి సెకనులో ఐదో వంతైనా పడుతుంది. ఈలోపు చక్రం తొమ్మిది చుట్లు తిరిగేసి ఉంటుంది. కాలు తీశాక కూడా అది ఠక్కున ఆగదు. కాబట్టి "లాగితే వదిలేస్తాలే" అన్న మాట కుదిరేది కాదు.

వేళ్ల మధ్య ఊరికే పట్టుకున్న గొలుసైతే చేతిలోంచి జారిపోతుంది. అదీ తప్పే, కొరడాలా వచ్చి మొహానికి తగలొచ్చు. కానీ వేలికి రెండు చుట్లు చుట్టిన గొలుసు జారదు. లాగినకొద్దీ బిగుస్తుంది. చుట్టింది కణుపుకు లోపలి వైపైతే చర్మాన్ని ఒలిచేస్తుంది, గొలుసు గట్టిదైతే వేలినే తెంపుతుంది. వెండి గొలుసు సన్నగా ఉంది, తెగిపోతుందిలే అనుకోకండి. సన్నటిదే ఎక్కువ కోస్తుంది.

మరి ఎందుకు చుట్టుకుంటారు? వదులుగా ఉన్న గొలుసు చక్రం గాలికే ఎగిరెగిరి పడుతుంది, దాన్ని బిగువుగా ఉంచాలి. కొస జారిపోతుంటే చూపుడు వేలికి ఒక చుట్టు వేయడం ఎవరూ నేర్పక్కర్లేదు, చెయ్యే చేసేస్తుంది. పైగా మాస్టారు ఉత్త చేత్తో చేస్తుంటే చూశారు. ఆయన చేతి వేగం మీకు కనిపించింది, పట్టు కనిపించలేదు. పాతికేళ్ల అలవాటున్న చెయ్యి కొసల్ని ఎక్కడ నొక్కి ఉంచుతుందో, ఎప్పుడు వదిలేస్తుందో పక్కన నిలబడి చూస్తే తెలిసేది కాదు. ఆయన్ను చూసి ఏదైనా నేర్చుకోండి, ఇది మాత్రం నేర్చుకోకండి.

అసలు పద్ధతి ఇది. 8 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న నున్నటి చెక్క పలక తీసుకోండి. అంచులు గుండ్రంగా అరగదీసి ఉండాలి. గొలుసును పలక చుట్టూ పక్కపక్కనే చుట్టి, రెండు కొసలూ వెనక వైపు బొటనవేలి కింద నొక్కిపట్టండి. ఒక్క లంకె కూడా వేలాడకూడదు. చక్రం మీ వైపుకు, పై నుంచి కిందికి తిరుగుతుండాలి. ఇరుసు ఎత్తుకు కాస్త కింద, మీకు ఎదురుగా ఉన్న భాగంలోనే పలకను తాకించాలి. అక్కడ తగులుకున్నా విసురు కిందికి, ట్రేలోకి పోతుంది. పై సగంలో తాకిస్తే మీ మొహం మీదికొస్తుంది. పలక ముఖం మీద పరుచుకున్న లంకెలకే మెరుగు పెట్టండి, అంచు దగ్గర మడత తిరిగే లంకెల జోలికి పోకండి. అవి కావాలంటే మోటారు ఆపి, గొలుసు విప్పి, జరిపి మళ్లీ చుట్టుకోండి. చక్రం పలకను లాగితే పలకను పోనివ్వండి. చెక్క పోతే ఇంకో చెక్క.

మొదటి మూడు నాలుగు గొలుసులకైతే అసలు బఫ్ వద్దు. టంబ్లర్ (నగల్ని గుళ్లతో కలిపి దొర్లించి మెరుగు పెట్టే డబ్బా) ఉంటే అందులో వేయండి. స్టెయిన్‌లెస్ స్టీల్ గుళ్లు, అవి మునిగేటన్ని నీళ్లు, రెండు మూడు చుక్కల లిక్విడ్ సబ్బు, గంట నుంచి రెండు గంటలు. లంకెల సందుల్లోకి బఫ్ వెళ్లలేని చోటికి కూడా ఇది వెళ్తుంది. ముత్యం, పగడం, ఒపాల్ ఉన్నవి మాత్రం వేయకండి.

గొలుసు ఒక్కటే కాదు, వేలికి చుట్టుకునేది ఏదైనా సరే ఇంతే. ఉంగరానికి మెరుగు పెట్టేటప్పుడు సొంత వేలికి తొడుక్కుని చక్రానికి ఆనించేవాళ్లున్నారు, అదే తప్పు ఇంకో రూపంలో. ఉంగరాన్ని కొసకు సన్నబడే చెక్క కర్రకు బిగించండి. నగ వేడెక్కి చురుక్కుమంటోందని చేతికి గుడ్డ చుట్టకండి, నీళ్లలో ముంచి చల్లార్చుకోండి. బఫ్ దగ్గర గ్లౌజులు వద్దు: ఒక వేలు తగులుకుంటే గ్లౌజు చేతిని మొత్తం లోపలికి తీసుకెళ్తుంది. కావాలంటే వేలికొకటిగా విడివిడిగా ఊడొచ్చే తోలు తొడుగులు వాడండి. మెడలో వేలాడే ఐడీ కార్డు రిబ్బను గురించి ఎవరూ చెప్పరు. వర్క్‌షాపు వాళ్లు ఇచ్చేదీ అదే, మోటారు మీదికి వంగినప్పుడు ముందు వేలాడేదీ అదే. తీసి బ్యాగులో పెట్టండి.

మంట, టంకం

ఇక్కడ మీరెలాగూ జాగ్రత్తగానే ఉంటారు కాబట్టి తెలియనివి మాత్రం.

వెండి 300 డిగ్రీల వేడిలోనూ తెల్లగా, చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఎర్రబడలేదంటే చల్లారినట్టు కాదు. టంకం ఇటుక మీదున్న ప్రతి ముక్కా కాలుతున్నట్టే లెక్క, శ్రావణంతోనే (చిన్న పట్టుకారుతోనే) తీయాలి. ఎల్‌పీజీ, ఆక్సిజన్ కలిపి వాడే టార్చి అయితే ముందు గ్యాస్ తెరిచి వెలిగించి, తర్వాత ఆక్సిజన్. ఆర్పేటప్పుడు ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాస్. ఆక్సిజన్ రెగ్యులేటర్‌కు నూనె, గ్రీజు తగలనివ్వకండి, బిగుసుకుపోయినా సరే. ఒత్తిడి మీదున్న ఆక్సిజన్‌లో నూనె దానంతటదే అంటుకోగలదు. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది, కాబట్టి పైనున్న కిటికీని నమ్ముకోకండి. గొట్టం అతుకుల దగ్గర సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి.

గుండ్లు, బోలు మామిడి పిందెలు అతికేటప్పుడు గాలి పోవడానికి కన్నం ఉండాలి. కన్నం లేని గుండు వేడికి పేలుతుంది. రెండు కన్నాలుంటే ఇంకా మంచిది. అతికాక శుభ్రం చేసేటప్పుడు లోపలికి పోయిన యాసిడ్ బయటికి రావాలి కదా, అది లోపలే ఉండగా మళ్లీ మంట చూపిస్తే ఆవిరై కన్నంలోంచి మీ మీదికే చిమ్ముతుంది.

టంకం కొనేముందు, వాడేముందు "ఇందులో క్యాడ్మియం ఉందా?" అని అడగండి. క్యాడ్మియం 321 డిగ్రీలకే కరుగుతుంది, 767 డిగ్రీలకు మరుగుతుంది. వెండి టంకాలు పారేది కూడా ఇంచుమించు ఆ వేడి దగ్గరే, కాస్త ఎక్కువ కాల్చారంటే పొగ మీ ముక్కులోకి. దీని మోసం ఏమిటంటే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. కొన్ని గంటలయ్యాక చలి, దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండటం మొదలై, ఫ్లూ జ్వరమనుకుని పడుకుంటారు. ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ప్రాణాల మీదికీ రావచ్చు. కేడీఎం అన్న పేరు పుట్టింది ఈ క్యాడ్మియం నుంచే. "ఏముందో తెలియదు" అని జవాబొస్తే ఆ టంకం ముట్టుకోకండి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే టంకం పని చేశానని ముందే చెప్పండి.

పొగ లాగే ఫ్యాను తల మీద కాదు, బల్ల వెనక ఉండాలి. తల మీదుంటే పొగ మీ ముక్కు దాటాకే దానికి చేరుతుంది.

మిగతావన్నీ

పికిల్ (కాల్చిన నగ మీది నలుపు వదలగొట్టే యాసిడ్ నీళ్లు) కలిపేటప్పుడు నీళ్లలో యాసిడ్ పోయండి, యాసిడ్‌లో నీళ్లు పోయకండి. ఎర్రగా కాలిన ముక్కను పికిల్‌లో ముంచకండి, ముందు నీళ్లలో. పికిల్‌ను మరిగించకండి, ఆవిరి గొంతు కోస్తుంది. ఇనుప శ్రావణం అందులో పెట్టకండి, తొట్టిలోని వెండికంతా రాగి పూత పడుతుంది. రాగిదో, చెక్కదో, ప్లాస్టిక్‌దో వాడండి. అతికేటప్పుడు ముక్కలకు కట్టిన ఇనుప కట్టుతీగ విప్పకుండా వేసినా అదే జరుగుతుంది.

నలుపెక్కించే గంధకపు మందు పికిల్ దగ్గరికి రానివ్వకండి. రెండూ కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, అది విషం. కళ్లలో యాసిడ్ పడితే ధారగా నీళ్లతో 15 నిమిషాలకు తగ్గకుండా కడిగి ఆసుపత్రికి వెళ్లండి. కాలిన చోట 20 నిమిషాలు చల్లటి నీటి ధార. ఐసు వద్దు. పేస్టు వద్దు.

కమ్మచ్చులో (కమ్మిని సన్నగా సాగదీసే కన్నాల పలకలో) కమ్మి లాగేటప్పుడు అరచేతికి చుట్టుకోకండి. పట్టుకారుతో పట్టి లాగండి. చివరి కొస కన్నంలోంచి బయటికొచ్చేటప్పుడు కొరడాలా తిరుగుతుంది, కాబట్టి వెనక మనిషిని నిలబడనివ్వకండి. గట్టిపడ్డ కమ్మిని బలవంతంగా లాగితే తెగి మీరు వెల్లకిలా పడతారు. రెండు మూడు కన్నాలకోసారి కాల్చి మెత్తబరుచుకోండి. కొసను ఆకురాయితో సన్నగా అరగదీయండి. మైనం రాయండి.

రంపం బ్లేడు ముందు బొటనవేలు పెట్టకండి. విరిగిన బ్లేడు జేబులో వేసుకోకండి. రేకుకు కన్నం వేసేటప్పుడు చేత్తో పట్టుకోకండి, చెక్కకు బిగించండి. డ్రిల్ బిట్ రేకును దాటే క్షణంలో పట్టేసి రేకునే తిప్పుతుంది, రేకు అంచు కత్తి. రోలింగ్ మిల్లులోకి (లోహాన్ని రెండు రోలర్ల మధ్య నొక్కి పలచన చేసే యంత్రంలోకి) ముక్కను వేలితో తోయకండి. నైలాన్ బట్టలు వద్దు, కాలితే చర్మానికి అంటుకుంటాయి. కాలివేళ్లు కనిపించే చెప్పులు వద్దు. బఫ్ దుమ్ముకు ఎన్95 మాస్కు పెట్టండి, గుడ్డ ముక్క చాలదు. బల్ల దగ్గర తినకండి. పాతకాలపు బూడిదరంగు టంకం పలక పొడిపొడిగా రాలుతుంటే అది ఆస్బెస్టాస్ కావచ్చు. వాడకండి, తుడవకండి, ఊదకండి.

బఫ్ దగ్గర నిలబడేముందు కాలి స్విచ్ ఎక్కడుందో, మెయిన్ స్విచ్ ఎక్కడుందో చూసుకోండి. మీ ఉంగరాలు, వాచీ తీసేయండి. మోటారు ఆన్‌లో ఉండగా ఎవరితోనూ మాట్లాడకండి. చక్రం పూర్తిగా ఆగాకే చిక్కుకున్నది తీయండి, తీసేముందు ప్లగ్ పీకండి. గొలుసు చుట్టే చెక్క పలక కనపడకపోతే వెతకండి. దొరకకపోతే గొలుసు పక్కన పెట్టండి. వేలికి చుట్టకండి. ఒక్క చుట్టు కూడా.

వేలు తెగితే ముక్కను తడిపిన శుభ్రమైన గాజుగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి, ఆ సంచిని ఐసు నీళ్లలో పెట్టండి. నేరుగా ఐసులో పెట్టకండి. దెబ్బతిన్న వేలికి ఉంగరం ఉండిపోతే లాగకండి, ఆసుపత్రిలో ఉంగరాన్ని కోసి తీస్తారు.

చివరి రోజు హడావిడి వేరు. అన్నీ సర్దేస్తుంటారు, బండికి టైమవుతుంటుంది, మీ గొలుసొక్కటే మెరుగు లేకుండా మిగిలి ఉంటుంది, మోటారు ఖాళీగా ఉంటుంది, రెండే నిమిషాల పని. మెరుగు పెట్టకుండానే ఇంటికి తీసుకెళ్లండి.