పోలాల అమావాస్యకు దర్భలు కోయబోతున్నారా?

శ్రావణ బహుళ అమావాస్యనాడు కోసిన దర్భలు ఏడాదంతా పనికొస్తాయని పెద్దల మాట. చెరువు గట్టుకు బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

• కొడవలి తప్పనిసరి. దర్భ అంచు సన్నని రంపం. కొస నుంచి మొదలు వైపు వేలు జారిందా, చర్మం చీరుతుంది. గరుత్మంతుడు దర్భల మీద ఉంచిన అమృతం మాయమైతే, ఆ దర్భలనే నాకిన పాముల నాలుకలు రెండుగా చీలాయంటారు. ఒకసారి కోసినవారికి ఆ కథ ఇట్టే నమ్మబుద్ధేస్తుంది!

• నిజం పాములూ దుబ్బుల్లో ఉంటాయి. ముందు కర్రతో తట్టండి.

• గరికను తెచ్చి దర్భ అనకండి. వినాయకుడి గరిక నేల మీద పాకుతుంది; దర్భ దుబ్బుగా నిటారుగా లేస్తుంది.

• శ్మశానంలో, నడిచే దారిలో మొలిచినవి వద్దు. కొస విరిగినవీ వద్దు. బజారులో కట్టలు కొనేవారు ముందు కొసలే చూడాలి.

• పవిత్రానికి (కర్మ చేసేటప్పుడు వేలికి తొడిగే దర్భ ఉంగరానికి) శుభకార్యాల్లో రెండు దర్భలు, పితృకార్యాల్లో మూడు, ప్రేతకర్మలో ఒకటి అన్నది వాడుకలోని లెక్క. మీ ఇంటి ఆచారం పురోహితుణ్ణి అడగండి.

• తడి ఆరకుండా కట్ట కడితే బూజు పడుతుంది. నీడలో ఆరబెట్టి, గ్రహణంనాడు ఊరగాయ జాడీల మీద వేయడానికి కొన్ని విడిగా ఉంచుకోండి.