లద్దాఖ్ దారిలో కారు మొరాయిస్తే

హైదరాబాదు నుంచి లేహ్ దాకా రోడ్డు మార్గం రెండున్నర వేల కిలోమీటర్ల పైమాటే. నాగ్‌పూర్, ఝాన్సీ, ఢిల్లీ మీదుగా చండీగఢ్ చేరేవరకు ఏం పాడైనా బెంగ లేదు. మెకానిక్కూ దొరుకుతాడు, విడిభాగమూ దొరుకుతుంది. మనాలి దాటాక మెకానిక్కు దొరికినా విడిభాగం దొరకదు. కీలాంగ్‌కు కాస్త ముందు తాండీ బంకులో, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసిన బోర్డు పక్కన అందరూ ఫోటో దిగుతారు. ఆ లెక్క క్లచ్చు ప్లేటుకు కూడా వర్తిస్తుందని ఎవరికీ తట్టదు.

కాలిన వాసన వస్తోంది

ఎక్కుతున్నప్పుడా, దిగుతున్నప్పుడా? ముందు అది చూసుకోండి.

ఎక్కేటప్పుడైతే క్లచ్చు. లారీ వెనక సగం క్లచ్చు మీద కారును నిలబెట్టే మన నగరపు అలవాటే కారణం. ఇంజను మోత పెరుగుతున్నా వేగం పెరగకపోతే ప్లేటు జారుతోందన్న మాట. అరగంట చల్లారనిచ్చి, పెడల్ మీద నుంచి కాలు పూర్తిగా తీసి మొదటి గేరులో నడపండి. అప్పటికీ జారితే గేరుబాక్సు దించాల్సిన పని. మనాలి, లేహ్‌లలో ఏది దగ్గరైతే అక్కడికి లారీ మీద చేర్చడమే.

దిగేటప్పుడైతే బ్రేకులు. 5,300 మీటర్ల ఎత్తు దాటిన తంగ్‌లంగ్ లా కనుమ నుంచి రుమ్‌త్సే వైపు దిగుతూ నేను మూడో గేరులో, బ్రేకు మీదే కాలు పెట్టి వచ్చాను. ఒక మలుపులో పెడల్ మెత్తని దిండును తొక్కినట్టు లోపలికి పోయింది. ముందు చక్రం దగ్గర సన్నని పొగ. పెడల్‌ను పదే పదే తొక్కుతూ, రెండో గేరుకు, ఆపై మొదటి గేరుకు దించి కొండవైపు ఆపగలిగాను.

కారణం ప్యాడ్లు కాదు, బ్రేకు ఆయిలు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. మరిగితే బుడగలు వస్తాయి, మన కాలి బలమంతా ఆ బుడగలను నొక్కడానికే సరిపోతుంది. చక్రం మీద నీళ్లు పోయకండి, డిస్కు వంకర పోతుంది. చక్రానికి రాయి అడ్డం పెట్టి చల్లారనివ్వండి. లేహ్‌లో పాత ఆయిలు తీయించి, గొట్టాల్లో గాలి లేకుండా కొత్తది పోయించాను. ఆయిలు మార్చి రెండేళ్లయితే బయల్దేరకముందే మార్పించండి. ఎక్కే గేరులోనే దిగాలని మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు.

పికప్ పడిపోయింది

చాలాసార్లు ఇది జబ్బే కాదు. 5,000 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే సగానికి కాస్త ఎక్కువ, అంతే. గాలిని బలంగా లోపలికి నెట్టే టర్బో లేని పెట్రోలు ఇంజను మరీ నీరసిస్తుంది. నల్లపొగ కూడా వస్తుంటే ఎయిర్ ఫిల్టర్ తీసి దుమ్ము దులపండి. మోరే మైదానాల ధూళి ఒక్కపూటలో దాన్ని నింపేస్తుంది. ఇంతకు మించి ఎవరినీ ఏదీ విప్పనివ్వకండి. దారిలో ఒకాయన నా స్పార్కు ప్లగ్గులు నాలుగూ మార్చాడు. పికప్ మాత్రం కిందికి దిగాకే వచ్చింది.

టెంపరేచర్ ముల్లు ఎగబాకుతోంది

ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పండి. అది ఇంజను వేడిని కొంత లాగేస్తుంది. అయినా తగ్గకపోతే ఆపండి. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయకండి. 5,000 మీటర్ల దగ్గర నీళ్లు సుమారు 83 డిగ్రీలకే మరుగుతాయి. రేడియేటర్‌లో మరగకుండా ఆపేది ఆ మూత పట్టి ఉంచే ఒత్తిడే. కాబట్టి ఫ్యాను తిరుగుతూ, హోస్ పైపులు బాగుండి కూడా కూలెంట్ పొంగుతుంటే ముందు మూత రబ్బరును అనుమానించండి. తియ్యటి వాసన వస్తే ఎక్కడో కారుతోంది. క్లిప్పు బిగించి చూడండి.

వాగులో ఇంజను ఆగిపోయింది

మళ్లీ తాళం తిప్పకండి. సిలిండర్లోకి నీరు చేరి ఉంటే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోయించి గట్టెక్కించి ఫిల్టర్ పెట్టె తెరవండి. లోపల తడి ఉంటే మెకానిక్కు వచ్చేవరకు ముట్టుకోవద్దు. మధ్యాహ్నానికి మంచు కరిగి వాగులు పెరుగుతాయి, పొద్దున్నే దాటేయాలి.

మెకానిక్కు దగ్గర

మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉంచుకోండి. మెకానిక్కుకు రోగం పేరు చెప్పకండి, లక్షణం చెప్పండి. "క్లచ్చు పోయింది" అంటే క్లచ్చు విప్పేస్తాడు. "మూడో గేరులో ఎక్కేటప్పుడు మోత వస్తోంది" అంటే ముందు నడిపి చూస్తాడు. విప్పే ముందు భాగం మీది నంబరు ఫోటో తీసుకుంటే ఢిల్లీలోని దుకాణానికి పంపి తెప్పించుకోవచ్చు. పాత భాగాన్ని అడిగి తీసుకోండి. డబ్బు ఇచ్చేది ఆయన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక ఎక్కుడు ఎక్కి దిగాకే.